గొట్టం వెనుక మనిషి

2009 నవంబరు 29, ఆదివారం. తెల్లవారింది మొదలు తెలుగు న్యూస్ ఛానళ్లన్నీ కరీంనగర్ పక్కనున్న అలుగునూరు మీదే ఉన్నాయి. తెలంగాణ రాష్ట్రం కోసం ఆమరణ దీక్షకని సిద్దిపేట బయలుదేరిన టీఆర్‌ఎస్ అధినేత కేసీఆర్‌ను పోలీసులు అక్కడ ఆపి, అరెస్టు చేసి ఖమ్మం తరలించారు. ఆ వార్త ఊరూరా పాకింది. రోడ్ల మీదికి జనం వచ్చారు. హైదరాబాద్ ఎల్బీనగర్ చౌరస్తాలో ఆందోళన జరుగుతుండగా ఒక యువకుడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆందోళన చిత్రీకరించడానికి వచ్చిన కెమెరాలు అప్పటికే అక్కడున్నాయి. మంటల్లోనే అతను జై తెలంగాణ అన్నాడు. ఆ గొంతు మైకుల్లో పడింది.

అతని పేరు కాసోజు శ్రీకాంతాచారి. వయసు 23. ఊరు అప్పటి నల్గొండ జిల్లా మోత్కూర్ మండలం పొడిచేడు. మోత్కూర్ తన బిడ్డను టీవీలో చూసింది. మరునాడు చూసింది, ఆ మరునాడూ చూసింది. డిసెంబరు 3న అతను కన్నుమూశాడు. ఆ తర్వాతా ఆ దృశ్యం తెరల మీద తిరుగుతూనే ఉంది. డిసెంబరు 9 రాత్రి, ఊళ్లు నిద్రపోయే వేళ దాటాక, ఢిల్లీలో కేంద్ర హోంమంత్రి చిదంబరం కాగితం చూస్తూ తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. ఆయన ముందు మైకులు పట్టుకున్నవాళ్లలో మన తెలుగు ఛానళ్ల కరస్పాండెంట్లున్నారు. ఇంగ్లిష్‌లో చెప్పిన నాలుగు మాటలను అక్కడికక్కడే తెలుగులోకి మార్చి చెప్పే బాధ్యత వాళ్ల మీద పడింది. ఒక్క మాట అటుదిటైతే ఇక్కడ వీధుల్లో ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు.

ఆ పది రోజుల్లో తెలుగు నేల మీద టీవీ పొలిటికల్ రిపోర్టర్ అన్నవాడు ఏం చేయగలడో, ఏం చేయకూడదో రెండూ కనిపించాయి. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఆ మనిషి గురించే మాట్లాడుకుంటున్నాం. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున అరెస్టు చేశారు. ముఖ్యమంత్రిని ఒక రైతు తిట్టిన వీడియోను ప్రసారం చేశారన్నది కేసు. వారిలో ఒకరు, పొగడదండ రేవతి, టీవీ ఛానళ్లలో ఏళ్ల తరబడి పనిచేసి, మోజో టీవీ సీఈఓగా ఉండి, తర్వాత సొంత యూట్యూబ్ ఛానల్ పెట్టుకున్నవారు. ఆ వారంలోనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో, అసలు జర్నలిస్టు ఎవరో నిర్వచించాలన్నారు. ఇప్పుడు గాంధీభవన్ నుంచి మండల ప్రెస్‌క్లబ్ దాకా అదే చర్చ.

ఎవరు జర్నలిస్టు అని అడిగే ముందు, ఇప్పటిదాకా ఆ పని చేసినవాళ్లు ఎట్లా బతికారో చూడాలి. మోత్కూర్ లాంటి చోటు నుంచి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

ప్రాంప్టర్ లేని వార్తలు

తెలుగులో టీవీ వార్త పుట్టింది 1983 నవంబరు 14న. ఆ సాయంత్రం హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు బులెటిన్ చదివింది శాంతిస్వరూప్. టెలిప్రాంప్టర్ లేని కాలం. రాసుకున్న కాగితాన్ని మనసులోకి ఎక్కించుకుని, కళ్లెత్తి జనం వైపు చూస్తూ చదవాలి. 2011లో రిటైరయ్యేదాకా ఆయన గొంతు తెలుగు ఇళ్లలో ఇంటిమనిషి గొంతు. 2024 ఏప్రిల్ 5న ఆయన పోయినప్పుడు వేరే వేరే ఛానళ్ల యాంకర్లు ఒకే రకంగా బాధపడ్డారు.

ఆయన వార్త చదివేవారు, సేకరించేవారు కాదు. ఈ తేడా ముఖ్యం. ఆ రోజుల దూరదర్శన్‌లో రాజకీయ వార్తకు రిపోర్టర్ ముఖం లేదు. మంత్రి శంకుస్థాపన, ముఖ్యమంత్రి సమీక్ష, ఢిల్లీ నుంచి ప్రధాని పర్యటన. ప్రశ్న అడిగే మనిషి తెర మీద ఉండడు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దింపినప్పుడు నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం నడిచిన నెల రోజులూ జనం పత్రికల కోసం బస్టాండ్లలో ఎదురుచూశారంటే కారణం అదే. దూరదర్శన్ ఢిల్లీ చేతిలో ఉండేది.

1995లో ఈటీవీ వచ్చాక పల్లె టీవీలోకి నడిచింది. జిల్లాకో రిపోర్టర్, డివిజన్లలో కంట్రిబ్యూటర్లు. షూట్ చేసిన టేపును కవర్లో పెట్టి, పైన పేరు రాసి, హైదరాబాద్ వెళ్లే బస్సు డ్రైవర్ చేతికిచ్చేవారు. అక్కడ ఇంకొకరు వచ్చి తీసుకునేవారు. పొద్దున జరిగిన ధర్నా రాత్రి బులెటిన్‌లో వస్తే గొప్ప. ఆ ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది. టేపు వెళ్లే లోపు రిపోర్టర్‌కు నలుగురితో మాట్లాడి, ఏది నిజమో తేల్చుకునే సమయం దొరికేది.

> నల్గొండ, పాలమూరు: పత్రికల నేల
>
> టీవీ రావడానికి ఎంతో ముందే ఈ ప్రాంతం విలేకరులను కన్నది. నిజాం పాలనలో మహబూబ్‌నగర్ నుంచి 1913లో ‘హితబోధిని’ వెలువడింది. 1922లో నల్గొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ వారపత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926 మేలో హైదరాబాద్ నుంచి ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టారు. రజాకార్ల మీద రాసినందుకు ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపారు. విలేకరి అన్న మాటకు ఈ ప్రాంతంలో ఉన్న గౌరవం ఊరికే వచ్చింది కాదు.

ఇరవై నాలుగు గంటల ఆకలి

2003 చివర ఈటీవీ2, 2004 మొదట్లో టీవీ9. అంతే, అరగంట బులెటిన్ కాలం ముగిసింది. వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి పాదయాత్ర చేసిన మరుసటి ఏడాదే అసెంబ్లీ ఎన్నికలు. కాంగ్రెస్, టీఆర్‌ఎస్ పొత్తు. వార్త నిమిషానికొకటి పుడుతున్న రోజుల్లో నిమిషానికొకటి అడిగే ఛానళ్లు వచ్చాయి. 2007లో ఎన్టీవీ, టీవీ5, 2009లో సాక్షి, హెచ్ఎంటీవీ, ఏబీఎన్, 2011లో టీ న్యూస్, 2012లో వీ6, 2013లో 10టీవీ. ఒక్క దశాబ్దంలో ఇన్ని న్యూస్ ఛానళ్లు పుట్టిన భాషలు దేశంలో తక్కువ.

ప్రతి ఛానల్‌కూ హైదరాబాద్‌లో పొలిటికల్ బ్యూరో కావాలి. ఎవరు రావాలి? పత్రికల నుంచి కొందరొచ్చారు. చాలామంది జిల్లాల నుంచి వచ్చారు. ఉస్మానియాలో పీజీ చేసి, విద్యార్థి సంఘంలో తిరిగి, జిల్లా పేపర్‌కు వార్తలు రాసిన కుర్రాళ్లు లోగో ఉన్న మైకు పట్టుకున్నారు. నల్గొండ కుర్రాడికి ఒక బలం ఉంది. సాయుధ పోరాటం నుంచి నక్సల్ ఉద్యమం దాకా, కమ్యూనిస్టుల నుంచి కాంగ్రెస్ దాకా, ఏ ఊర్లో ఏ కుటుంబం ఏ జెండా కింద ఎందుకుందో అతనికి ఇంట్లోనే తెలుస్తుంది. పుస్తకంలో దొరకని చదువది.

రోజు ఎట్లా గడుస్తుందంటే, పొద్దున అసైన్‌మెంట్ డెస్క్ నుంచి ఫోన్‌తో మొదలు. పది గంటలకు గాంధీభవన్‌లో ఒక ప్రెస్‌మీట్, పదకొండున్నరకు ఇంకో పార్టీ ఆఫీసులో దానికి కౌంటర్. సభ నడిచే రోజుల్లో అసెంబ్లీ మీడియా పాయింట్. లోపల మైకు దొరకని సభ్యుడు బయటికొచ్చి మాట్లాడతాడు. అతని వెనకే ఇంకో పార్టీ సభ్యుడు లైన్లో ఉంటాడు. రిపోర్టర్ ఒక చెవిలో నాయకుడి మాట వింటూ, రెండో చెవిలో స్టూడియో నుంచి వచ్చే ప్రశ్న వింటూ, కెమెరా వైపు తిరిగి నిమిషంలో సారాంశం చెప్పాలి. మధ్యలో ఫోన్‌లోనే స్టూడియోకు వార్త చెప్పే ‘ఫోనో’. సాయంత్రం ‘చిట్‌చాట్’. మైకులు పక్కనపెట్టి, కెమెరాలు లేకుండా నాయకుడు విలేకరులతో కూర్చుని మాట్లాడేది. అసలు రాజకీయం తెలిసేది అక్కడే. ఏది ఎంతవరకు చెప్పాలో, ఎవరి పేరు దాచాలో తెలిసినవాడే ఆ గదిలో పదేళ్ల తర్వాతా కూర్చోగలడు.

సీనియర్ అంటే నాకు అర్థమైంది ఇదే. ఫలానా నాయకుడు 2004లో ఏమన్నాడో, 2009లో ఏ గదిలో ఎవరితో కూర్చున్నాడో, 2014లో ఎందుకు మాట మార్చాడో గుర్తుండటం. ప్రెస్‌మీట్‌లో అందరూ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగానే ఉంటుంది. నాయకుడు తడబడేది రెండో ప్రశ్నకు. ఆ రెండో ప్రశ్న జ్ఞాపకం ఉన్నవాడి నోటి నుంచే వస్తుంది.

మంట ముందు మైకు

మళ్లీ ఉద్యమకాలం దగ్గరికి వెళ్లాలి. తెలంగాణ టీవీ రిపోర్టర్ల తరానికి అదే బడి.

ఆ తరంలో చాలామంది రెండు మనసులతో పనిచేశారు. చేతిలో మైకు హైదరాబాద్ యాజమాన్యానిది. ఆ యాజమాన్యం మూలాలు చాలాసార్లు కోస్తాలో. గుండె మాత్రం ఊరిది. ఉస్మానియాలో 2010 ఫిబ్రవరిలో విద్యార్థులతోపాటు విలేకరుల మీదా లాఠీలు పడ్డాయి. తెలంగాణ జర్నలిస్టులు సొంతంగా ఫోరం పెట్టుకుని ఉద్యమంలో నడిచారు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు ట్యాంక్‌బండ్ మీద లైవ్ ఇస్తున్నవాడు, ఆ గుంపులో తన ఊరివాళ్లను చూస్తూ లైవ్ ఇచ్చాడు. తటస్థంగా ఉండమని చెప్పడం తేలిక. తన అన్న, తన క్లాస్‌మేట్ లాఠీ దెబ్బ తింటున్నప్పుడు గొంతు వణక్కుండా చెప్పడం ఎంత కష్టమో అది చేసినవాళ్లకే తెలుసు. వాళ్ల మీద నాకు గౌరవం ఎక్కువ.

అయితే శ్రీకాంతాచారి దృశ్యాన్ని అన్నిసార్లు చూపించడం తప్పు. ఇది గట్టిగానే చెప్పాలి. ఆ దృశ్యం ఉద్యమానికి ఊపు ఇచ్చిందన్నది నిజం. ఆ తర్వాతి నెలల్లో, ఏళ్లలో ఎంతమంది పిల్లలు ఆ దారి పట్టారో తెలంగాణ పల్లెలకు తెలుసు. పొడిచేడులో ఒక తల్లి ఉంది. ఆమె కొడుకు చివరి క్షణాలను ఏ ఛానల్ ఎప్పుడు వేస్తుందో ఆమెకు తెలియదు. ఆ తల్లి శంకరమ్మ 2014లో హుజూర్‌నగర్ నుంచి టీఆర్‌ఎస్ టికెట్ మీద పోటీ చేసి ఓడినప్పుడూ, ఛానళ్లు ఆమె కథ చెబుతూ మళ్లీ ఆ మంటలే చూపించాయి. ఆత్మహత్య వార్తను ఎట్లా ఇవ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా ప్రెస్ కౌన్సిల్ పత్రికలకు మార్గదర్శకాలు తెచ్చింది 2019లో. ఆత్మహత్య వార్తను పదేపదే ఇవ్వవద్దని, దాన్ని పరిష్కారంగా చూపవద్దని అవి చెబుతాయి. పదేళ్లు ఆలస్యం. ఆ రోజు అక్కడున్న కెమెరామన్‌ను నేను తప్పుపట్టను, అతను తన పని చేశాడు. ఆ దృశ్యాన్ని లూపులో పెట్టిన డెస్కుల గురించే నా బాధ.

లోగో చూసి మాట్లాడే కాలం

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఆ నెలలోనే తెలంగాణ ఎమ్మెల్యేలను వెక్కిరించే కార్యక్రమం ప్రసారమైందన్న వివాదంతో టీవీ9ను, ఏబీఎన్‌ను తెలంగాణ కేబుల్ ఆపరేటర్లు ఆపేశారు. సెప్టెంబరులో వరంగల్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ అలాంటి ఛానళ్లను బహిరంగంగానే హెచ్చరించారు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ కేబుల్లో కనిపించకుండా పోయాయి. టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. పార్టీలు మారాయి, పద్ధతి మారలేదు.

ఇదంతా యాజమాన్యాల గొడవ అనుకుంటాం. దెబ్బ తగిలేది వీధిలో ఉన్నవాడికి. టీ న్యూస్ అంటే బీఆర్‌ఎస్, సాక్షి అంటే జగన్ కుటుంబం, వీ6 అంటే వివేక్ వెంకటస్వామి అని పల్లెలో చిన్నపిల్లవాడికీ తెలుసు. మైకు పెట్టగానే మనిషి ముందు లోగో చూస్తాడు. “ఏ ఛానలన్నా మీది?” అని అడిగి, జవాబు విన్నాకే నోరు తెరుస్తాడు. ఒక లోగోకు ఒక మాట, ఇంకో లోగోకు ఇంకో మాట. కొన్ని పార్టీ ఆఫీసుల్లో కొన్ని లోగోలకు తలుపే తీయరు. ఇరవై ఏళ్లు పనిచేసిన రిపోర్టర్ నాలుగు ఛానళ్లు మారి ఉంటాడు. నిన్న తను అడిగిన ప్రశ్నకే ఇవాళ కొత్త లోగోతో వ్యతిరేకంగా నిలబడాలి. నాయకుడికి అతని ముఖం గుర్తే, చూసి నవ్వుతాడు. ఆ నవ్వులో ఉండే అవమానం ఏ జీతంలోనూ లెక్కకు రాదు.

కొందరికి ఈ దారి రాజకీయాల్లోకి తిరిగింది. టీవీ జర్నలిస్టు, యూనియన్ నాయకుడు చంటి క్రాంతికిరణ్ 2018లో ఆందోల్ నుంచి దామోదర రాజనర్సింహను ఓడించి ఎమ్మెల్యే అయ్యారు. 2023లో ఆయన చేతిలోనే ఓడారు. మన యాదాద్రి భువనగిరి జిల్లా తుర్కపల్లి మండలం మాదాపురానికి చెందిన చింతపండు నవీన్‌ను ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. వీ6లో తీన్మార్ వార్తలతో తీన్మార్ మల్లన్న అయ్యారు. తర్వాత యూట్యూబ్‌లో క్యూ న్యూస్, కేసులు, జైలు. 2021లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో రెండో స్థానం, 2024 ఉప ఎన్నికలో కాంగ్రెస్ తరఫున గెలుపు, 2025 మార్చిలో సస్పెన్షన్, అదే ఏడాది సెప్టెంబరు 17న సొంత పార్టీ. ఆయన మాటతీరు నచ్చనివాళ్లున్నారు, ప్రాణం పెట్టేవాళ్లున్నారు. ఊరి యాసలో అధికారాన్ని నిలదీస్తే జనం చెవి ఒగ్గుతారని మాత్రం ఆయన ప్రయాణం చూపింది. స్టూడియో తెలుగు ఇన్నేళ్లు ఆ యాసను గేటు బయట నిలబెట్టింది.

మూడు జిల్లాల బీటు

మోత్కూర్‌లో టీవీ ఛానల్‌కు పనిచేసేవాడి పరిస్థితి హైదరాబాద్ బ్యూరోకు అర్థం కావడం కష్టం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. మోత్కూర్, దాని నుంచి విడిపోయిన అడ్డగూడూరు యాదాద్రి భువనగిరిలో చేరాయి. అసెంబ్లీ నియోజకవర్గం తుంగతుర్తి. ఆ తుంగతుర్తి సూర్యాపేట జిల్లా. అదే నియోజకవర్గంలోని శాలిగౌరారం నల్గొండ జిల్లాలోనే మిగిలింది. ఒక్క ఎమ్మెల్యే వార్త చేయాలంటే ముగ్గురు కలెక్టర్ల ఆఫీసులు. ఛానల్ మాత్రం జిల్లాల వారీగా మనుషులను పెట్టుకుంది. బిక్కేరు వాగులో ఇసుక లారీ గురించి వార్త వస్తే ఎవరిది అన్నది డెస్కులోనే తేలదు.

రాజకీయంగా ఇది చిన్న చోటు కాదు. 2018లో తుంగతుర్తిలో గాదరి కిశోర్, అద్దంకి దయాకర్ తలపడితే తేడా రెండు వేల ఓట్ల లోపు. ఇద్దరూ ఉస్మానియా ఉద్యమం నుంచి వచ్చినవాళ్లు, టీవీ చర్చల్లో జనానికి పరిచయమైనవాళ్లు. 2023లో కాంగ్రెస్ అభ్యర్థి మందుల సామేలు భారీ మెజారిటీతో గెలిచారు. రెండు వేల తేడా అయిదేళ్లలో ఎట్లా తిరగబడిందో చెప్పగలిగింది లైవ్ వ్యాన్‌తో ఒక్కరోజు వచ్చి వెళ్లినవాళ్లు కాదు. వరి కొనుగోలు కేంద్రం దగ్గర, కల్లు మండువ దగ్గర, సొసైటీ ఆఫీసు దగ్గర రోజూ కూర్చునే కంట్రిబ్యూటర్.

పక్కనే మునుగోడు చూడండి. 2022 ఉప ఎన్నికకు ఛానళ్లన్నీ చౌటుప్పల్, చండూరులో దిగాయి. నవంబరు 3న పోలింగ్. కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి పది వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. ఓటుకు ఎంత ఇచ్చారన్నది రోజంతా తెర మీద నడిచింది. మర్రిగూడ మండలం శివన్నగూడెం ఫ్లోరోసిస్ బాధితుడు అంశల స్వామి ఇంటికి ఆ రోజుల్లో కెమెరాలు బారులు కట్టాయి. 2003లో ఢిల్లీలో ప్రధాని వాజ్‌పేయి టేబుల్ మీద పడుకోబెట్టి నల్గొండ నీళ్ల గోస చూపించింది ఆ స్వామినే. 2023 జనవరిలో ఆయన చనిపోయారు. ఎన్నిక లేని ఏళ్లలో ఆ ఇంటి గడప తొక్కింది లోకల్ విలేకరులే.

ఇంత తెలిసినవాడికి జీతం? మండల స్థాయిలో చాలామందికి లేదు. వార్తకింత అని ఎప్పుడో వచ్చే చిల్లర, లేదా అదీ లేదు. అందుకు బదులు లోగో, గుర్తింపు కార్డు. ఆ పైన ప్రకటనల టార్గెట్. ఆగస్టు 15, జనవరి 26, దసరా, నాయకుడి పుట్టినరోజు. ఎవరిని నిలదీయాలో వాళ్ల దగ్గరికే శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలి. ఈ ఏర్పాటులో నిజాయితీగా నిలబడినవాళ్లు ఉన్నారు. ఒక పూట కిరాణా కొట్టు, ఒక పూట పొలం, మిగతా వేళ వార్త. దారి తప్పినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తిట్టేటప్పుడు, ఆ దారి వేసిన ఛానల్ యాజమాన్యాన్ని వదిలేయడం న్యాయం కాదు.

> పదహారేళ్ల ఇంటి స్థలం
>
> హైదరాబాద్ జర్నలిస్టుల సొసైటీకి 2008లో వైఎస్ ప్రభుత్వం స్థలాలు కేటాయించింది. సభ్యులు అప్పు చేసి డబ్బు కట్టారు. కేసు కోర్టుల్లో తిరిగింది. 2024 సెప్టెంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ భూమి పత్రాలు అందజేశారు. నవంబరు 25న సుప్రీంకోర్టు ప్రజాప్రతినిధులు, జడ్జీలు, అధికారులు, జర్నలిస్టుల సొసైటీలకు చేసిన కేటాయింపులన్నీ రద్దు చేసి, కట్టిన డబ్బు వడ్డీతో వాపసు ఇవ్వమంది. ఈలోగా కన్నుమూసిన సభ్యులున్నారు. తెలంగాణలో జర్నలిస్టు చనిపోతే మీడియా అకాడమీ సంక్షేమ నిధి నుంచి కుటుంబానికి లక్ష రూపాయలు, అయిదేళ్లు నెలకు రూ.3,000 ఇచ్చే పథకం ఉంది.

చట్టం తెర వైపు చూడని కాలం

పత్రిక విలేకరికి 1955 నుంచీ వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఉండేది. పనిగంటలు, గ్రాట్యుటీ, తొలగిస్తే నోటీసు, వేతన సంఘం. అమలు ఎట్లా ఉన్నా, కోర్టుకెళ్తే చూపడానికి కాగితం ఉండేది. ఆ చట్టంలో టీవీ లేదు. మజీఠియా వేతన సంఘమూ పత్రికలకు, వార్తా సంస్థలకే. అంటే తెలుగులో ఛానళ్లు పుట్టి, పెరిగి, చేతులు మారిన కాలమంతా టీవీ రిపోర్టర్‌కు విలేకరిగా చట్టం దృష్టిలో చోటు లేదు. ఛానల్ మూతపడితే, చేతులు మారితే, సాయంత్రం ఒక్క మెయిల్‌తో ఉద్యోగం పోతుంది. నలభై అయిదేళ్ల వయసులో, చక్కెర వ్యాధితో, నడుంనొప్పితో, పిల్లల కాలేజీ ఫీజులతో బయటికొచ్చినవాడి ముందున్న దారి యూట్యూబ్. కరోనా కాలంలో గాంధీ ఆసుపత్రి బయట నిలబడి వార్తలు చెప్పినవాళ్లలో అదే వైరస్‌కు బలైనవాళ్లూ ఉన్నారు.

కాబట్టి యూట్యూబర్లంతా జర్నలిస్టులు కాదని తేలిగ్గా కొట్టేయకూడదు. ఫోను పట్టుకుని బ్లాక్‌మెయిల్ చేసేవాడున్నాడు, వాడి మీద కేసు పెట్టడానికి చట్టాలు ఇప్పటికే ఉన్నాయి. అదే ఫోనుతో, ఏ ఛానల్‌లోనూ చోటు దొరకని సీనియర్ తన ఇరవై ఏళ్ల జ్ఞాపకంతో రెండో ప్రశ్న అడుగుతున్నాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టే నిర్వచనం ప్రభుత్వానికి పనికొస్తుందేమో, జనానికి పనికిరాదు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా కూడా చేరింది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని కోడ్ అంటోంది. కాగితం ఉంటే ఉద్యోగి, కాగితం ఉంటే బకాయి జీతం అడగొచ్చు, ప్రమాదం జరిగితే కుటుంబం పరిహారం అడగొచ్చు. జర్నలిస్టు ఎవరో తేల్చాలన్న చర్చ నిజాయితీగా సాగాలంటే అసెంబ్లీలో మొదట అడగాల్సింది ఇదే: ఈ రాష్ట్రంలో నడుస్తున్న న్యూస్ ఛానళ్లు తమ మండల కంట్రిబ్యూటర్లలో ఎంతమందికి ఆ పత్రం ఇచ్చాయి? కార్మిక శాఖ దగ్గర ఛానళ్ల వారీగా, మండలాల వారీగా ఆ జాబితా ఉండాలి. అందులో మోత్కూర్ పేరు పక్కన ఎవరి పేరుందో కూడా ఉండాలి.